బెంచీ మీద నాలుగో మనిషి

చౌటుప్పల్‌లో హైవే పక్కన, టైర్ల దుకాణం పైన నాకొక గది ఉంది. ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడ వెంట పొడుగ్గా ఒక బెంచీ. జనం తమ డబ్బును ఎంత దాచుకోవాలో, ఎక్కడ దాచుకోవాలో అడగడానికి అక్కడికి వస్తారు. నేను చెబుతాను. పదకొండేళ్లుగా అదే నా పని. మొదటి రెండేళ్లు తలుపు తోసుకొని వచ్చిన ప్రతి మనిషీ కుర్చీలో ఉన్న నన్ను చూసి, "సార్ లేడా?" అని అడిగేవాడు. "నేనే సార్‌ను, కూసోండ్రి" అనేదాన్ని. ఇప్పుడు ఎవరూ అడగరు. ఆ సంగతి గొప్పగా చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

ఒక సోమవారం పొద్దున ఆ బెంచీ మీద నాలుగో మనిషిగా మా బాపు వచ్చి కూర్చున్నాడు.

వస్తున్నానని ముందు చెప్పలేదు. కేతేపల్లి దగ్గర మా ఊరి నుంచి ఒక్కడే బస్సెక్కి వచ్చాడు. భుజం మీద గొంగడి, చేతిలో కర్ర. నేను లేవబోతే కర్ర కొంచెం పైకెత్తి కూర్చోమని సైగ చేశాడు. తనకంటే ముందు ముగ్గురున్నారు, వాళ్ల తర్వాతే తన వంతు. గొర్రెలకు బోరు దగ్గర నీళ్లు పెట్టేటప్పుడు కూడా బాపు వంతు తప్పి ముందుకు పోయిన మనిషి కాదు. ఆ ముగ్గురికీ ఆయనెవరో తెలియదు. ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఎందుకొచ్చాడో నాకు సగం తెలుసు. మోకాళ్లు అరిగిపోయాయని, ఇక మంద వెంట తిరగొద్దని దవాఖానలో డాక్టరు చెప్పి నెల దాటింది. మందలో ఎనభై దాకా జీవాలున్నాయి. మాకు పొలం లేదు. అమ్మకూ బాపుకూ ముసలితనంలో దిక్కంటూ ఉంటే ఆ మందే. వరుసకు నాకు అన్న అయ్యే ఒకాయన ప్లాట్లు అమ్మే పనిలో ఉన్నాడు. డాక్టరు మాట చెవిన పడ్డ మరునాటి నుంచి ఆయన మా గుమ్మం దిగలేదు. "మందనంత అమ్మి నా దగ్గర ప్లాట్లు తీస్కో చిన్నాయినా, మూడేండ్లల్ల మూడింతలైతయి" అని ఒకటే పోరు. బాపు ఔననలేదు, కాదనలేదు. ఆ వారంలో ఏదో ఒకటి తేల్చాలి. ఇంతవరకు అమ్మ ఫోన్లో చెప్పింది. ఆమె చెప్పని సగం ఏమిటో నాకప్పటికి తెలియదు.

ఇంకో సంగతి దాచను. అప్పటికి నేను ఈ పనిలోకి దిగి తొమ్మిదేళ్లు, అన్నేళ్లలో బాపు నా పని గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. ఊళ్లో ఎవరైనా అడిగితే, "బిడ్డ ఏదో కంపెనీల చేస్తది" అనేవాడు. నేను ఏ కంపెనీలోనూ చెయ్యను. ఎంతోమందికి దారి చెప్పేదాన్ని, ఇంట్లో మాత్రం నా మాటకు విలువ లేదని లోపల గుచ్చుకునేది. అందుకే ఆ పొద్దు బాపు చూస్తున్నాడని నేను కొంచెం గొంతు పెంచే మాట్లాడాను. చిన్నపిల్లలు చుట్టాల ముందు పద్యం అప్పజెప్పినట్టు.

మొదటి మనిషి మందుల ఫ్యాక్టరీలో షిఫ్టుల పనికి పోయే పిల్లగాడు. పెళ్లై రెండేళ్లు. కూర్చుంటూనే అందరూ అడిగే మొదటి ప్రశ్న అడిగాడు.

"మేడమ్, ఎన్నేండ్లల్ల డబుల్ అయితది?"

మా దిక్కు జనానికి డబ్బు గురించి ఉన్న మొదటి అనుమానం ఇదే. క్షేమంగా ఉంటుందా అని తర్వాత అడుగుతారు. కొందరు అసలు అడగరు.

"డబులు సంగతి జర ఆగు. రేపటిసంది నువ్వు డ్యూటీకి పోకపోతే ఇంట్ల ఎన్ని నెలలు ఎల్తది?"

అతను వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. కిరాయి, పాలు, బండి కిస్తీ. "నెలన్నర" అన్నాడు, తానే ఆశ్చర్యపోతూ.

"ముందుగాల గా నెలన్నరను ఆరు నెలలు చెయ్యి. గా పైసలు బ్యాంకుల ఉండాలె, ముట్టొద్దు. అప్పుడు రా, డబులు గురించి మాట్లాడుకుందాం."

అతను నవ్వి లేచాడు. ఇలా చెప్పి పంపిస్తే ఆ రోజు నాకు రూపాయి రాదు. కానీ అలా పంపినవాళ్లలో చాలామంది తిరిగి వస్తారు, పక్కన ఇంకొకరిని తీసుకొని వస్తారు. తెలంగాణ వచ్చిన కొత్తలో హైదరాబాద్‌లో నాకు ఈ పని నేర్పించిన శిక్షకుడు, "ముందు మీ మాట మార్చుకోండి, ఆ యాసలో చెబితే క్లయింట్లు నమ్మరు" అన్నాడు. వారం రోజులు అద్దం ముందు నిలబడి ఆయనలాగా మాట్లాడడం సాధన చేశాను. ఎనిమిదో రోజు నా మీద నాకే అసహ్యం పుట్టింది. అద్దాన్ని వదిలేసి బస్సెక్కి చౌటుప్పల్ వచ్చేశాను. ఇక్కడ నా మాటే నా సరుకు. తమ అవ్వ మాట్లాడినట్టు నేను మాట్లాడుతున్నానని జనం కుర్చీ ముందుకు జరుపుకొని కూర్చుంటారు.

రెండో మనిషి లారీ డ్రైవర్ భార్య. బంగారం కొనాలా, చిట్టీ వెయ్యాలా అని అడగడానికి వచ్చింది. కాసేపటికి గొంతు తగ్గించింది. ఒకటే గది కాబట్టి ఎంత తగ్గించినా బెంచీకి వినిపిస్తుంది.

"మా ఆయనకు ఎరుక లేకుంట దాసుకోవచ్చా మేడమ్?"

"దాసుకో. కని నీకేమన్న అయితే గా పైసలు ఏడున్నయో ఒక్క మనిషికన్న తెల్వాలె. మీ అమ్మకు చెప్పు, లేకుంటే మీ చెల్లెకు. సరే గని, మీ ఇంట్ల ఇన్సూరెన్స్ ఎవల పేరు మీద ఉన్నది?"

"మా పాప పేరు మీద. పుట్టినప్పుడే కట్టినం." గర్వంగానే చెప్పింది.

"సంపాయించేటాయన రాత్రనక పగలనక లారీ మీద, ఇన్సూరెన్సేమో ఉయ్యాలల పిల్ల మీదనా?"

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది, ఆ తర్వాత నవ్వు ఆపేసింది. భర్త పేరు మీద ఫారం తీసుకొని నింపడానికి బెంచీ చివర కూర్చుంది. బాపు ఆమెకు జాగా ఇచ్చి కొంచెం పక్కకు జరిగాడు.

మూడో మనిషి రిటైరైన బడిపంతులు. ఆయనకు పింఛను ఉంది, ఆరోగ్యం ఉంది, అనుమానాలు అంతకంటే ఎక్కువ ఉన్నాయి. నెలకోసారి వచ్చి పేపరు చదువుకొని, ఒక్క ప్రశ్న అడిగి పోతాడు. ఆ రోజు అడిగింది మంచి ప్రశ్నే.

"ఇదంతా మాకు చెప్తే నీకెంత మిగులుతదమ్మా?"

చాలామంది మనసులో పెట్టుకొని అడగని ప్రశ్న అది. నేను కాగితం తీసి, ఏ పథకంలో పెడితే నాకెంత వస్తుందో, దేంట్లో ఏమీ రాదో రాసి ఆయన ముందు పెట్టాను. పోస్టాఫీసు దగ్గర సున్నా. బ్యాంకు డిపాజిట్ దగ్గర సున్నా. ఆయన కళ్లద్దాలు పైకి తోసి చూసి, "మరి పోయినసారి నన్ను బ్యాంకులోనే వెయ్యమన్నవు కదా" అన్నాడు. "మీకదే మంచిది సార్" అన్నాను. ఓరకంట బాపును చూశాను. నేల వైపు చూస్తున్నాడు గానీ తల కొద్దిగా నా వైపు వంచి ఉంచాడు. మందలో తప్పిపోయిన పిల్ల అరుపు కోసం వింటున్నప్పుడు ఆయన తల అలాగే వంచుతాడు.

పంతులుగారు పేపరు తీసుకొని బెంచీ మీదికి మారాడు. బాపు వచ్చి నా ఎదుట కుర్చీలో కూర్చున్నాడు. కర్రను మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. బిడ్డా అనలేదు, పేరు పెట్టి పిలవలేదు. ఏ ముసలి గొర్రెలకాపరి అయినా ఒక కొత్త ఆఫీసులో మాట్లాడినట్టే మొదలుపెట్టాడు.

"నాకు నాలుగు ముచ్చట్లు అడిగేదుంది మేడమ్."

నాకు నవ్వు రావాలి. రాలేదు. పెన్ను చేతిలోకి తీసుకున్నాను.

"అడుగు" అన్నాను.

"ఒకటి. నేను నడుసుడు ఎప్పుడు బంద్ వెట్టాలె?"

ఎంతమంది ఉద్యోగస్థులు ఎన్ని రకాలుగా అడిగారో ఈ ప్రశ్న! ఎవరూ ఇంత సూటిగా అడగలేదు.

"ఇయ్యాల్టిసంది" అన్నాను.

"రెండు. బంద్ వెట్టినంక నేను, మా ఇంటామె ఎన్నేండ్లు బతుకుతమో ఎవలకెరుక? గన్నేండ్లకు సరిపోవాలె. సరిపోతదా?"

దీనికి జవాబు నేను నెల రోజుల నుంచే తయారుగా పెట్టుకున్నాను. సొరుగులోంచి కాగితం తీశాను. మంద మొత్తం అమ్మితే ఎంత వస్తుంది, అది ఎక్కడ వేస్తే నెలకు ఎంత వడ్డీ వస్తుంది, ఇద్దరికీ మందులకు, కూరగాయలకు ఎంత పోతుంది, అంతా వరసగా రాసి ఉంది. చదివి వినిపించాను. బాపు అంతా విన్నాడు. బాగుందనలేదు.

"మూడు. ప్లాట్లు అమ్మే పిలగాడొకడు మా ఇంటికొస్తుండు. మంద అమ్మి ప్లాటు తీస్కొమ్మంటుండు. నాకు నమ్మకం కుదుర్తలేదంటే ఒక మాటన్నడు. చౌటుప్పల్ల పైసల ముచ్చట చెప్పే ఆమె ఉన్నది గద, ఆమె సుత గదే వెంచర్ల కొన్నది, ఆమెకు తెల్వదా అన్నడు. నిజమేనా మేడమ్?"

ఇదీ నాకు తెలియని సగం.

నిజమే. రెండేళ్ల కింద, ఏడేళ్లుగా దాచుకున్న డబ్బంతా తీసి ఆ అన్న దగ్గరే ఒక ప్లాటు కొన్నాను. ఈ ఊళ్లో రోజూ ప్లాట్ల మాటే. టీ కొట్టు ఆయన అమ్మాడు, కారు కొన్నాడు. కింద టైర్ల దుకాణం ఆయన అమ్మాడు, ఇల్లు కట్టాడు. పొద్దంతా జనానికి తొందరపడొద్దని చెప్పి, సాయంత్రం బస్టాపు దగ్గర నిలబడి నేను మాత్రమే వెనకబడిపోతున్నానని కుమిలిపోయేదాన్ని. చెప్పేవి శ్రీరంగ నీతులు అంటారే, అలా. కాగితాలు సరిగ్గా చూడకుండానే కట్టేశాను. కట్టాక తెలిసింది, లేఅవుట్‌కు అనుమతి రాలేదు, భూమి మీద తగాదా ఉంది. రిజిస్ట్రేషన్ కాలేదు. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా. చెప్పకుండా ఉండడం వల్ల నా పేరే ఆయన చేతిలో ఎరగా మారిందని అప్పుడర్థమైంది.

డ్రైవర్ భార్య చేతిలో పెన్ను ఆగింది. పంతులుగారు పేపరు దించాడు. అప్పటికి ఇంకో ఇద్దరు కొత్తవాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. చౌటుప్పల్ చిన్న ఊరు. ఇక్కడ పొద్దున అన్న మాట సాయంత్రానికి టోల్‌గేటు దాటుతుంది. కొన్నానని మాత్రం చెప్పి ఊరుకుంటే బాపు వారంలో మంద అమ్మేస్తాడు. ఉన్నదున్నట్టు చెబితే, సలహాలు చెప్పే ఆమే మోసపోయిందట అని బెంచీ ఖాళీ అవుతుంది. కొనలేదని అబద్ధమాడడానికీ వీల్లేదు, ఆ అన్న దగ్గర నా సంతకం ఉంది. తొమ్మిదేళ్లుగా ఒక్కొక్క మనిషి దగ్గరా కూడబెట్టుకున్న నమ్మకం ఒక పక్క, ఎనభై జీవాలు ఇంకో పక్క. ఎక్కువసేపు ఆలోచించానని చెబితే అబద్ధం. బాపు మోకాళ్లు నా కళ్ల ముందే ఉన్నాయి.

"కొన్న" అన్నాను. "దాసుకున్నదంత పెట్టిన. మోసపోయిన. రెండేండ్లాయె, పర్మిషన్ రాలే, రిజిస్ట్రేషన్ కాలే. అమ్ముదామంటే కొనేటోడు లేడు. నేను కాయిదాలు సూడకుంట కొన్న, అది నా తప్పు. నువ్వు అండ్ల ఒక్క రూపాయి సుత పెట్టకు."

"దాసుకున్నదంతనా?"

"అంత."

పంతులుగారు ఊరుకుంటాడా! "మరి ఉన్నదంతా ఒక్కచోట పెట్టొద్దని మాకు చెప్పినవు కదమ్మా" అన్నాడు.

"మీకు చెప్పింది కరెక్టే సార్. నేనే ఇనలే."

ముందుగా నవ్వింది డ్రైవర్ భార్య. తర్వాత ఆయనా నవ్వాడు. బాపు నవ్వలేదు. కర్రను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"నేను సుత చేసిన గసొంటిది" అన్నాడు. "నా బిడ్డ ఐదో తరగతి సదువుతుండె. మందంత ఒక్క దొడ్డిలనే ఉండె. పారుడు రోగమొచ్చింది. వారం తిరగకముందే ముప్పై తల్లిగొర్లు పోయినయి. నా బిడ్డకు బూట్లు కొనియ్యలేకపోయిన గా ఏడు. అప్పటిసంది ఓ పదిపన్నెండు జీవాలను పాలమూరు దిక్కు మా బామ్మర్ది మందల సగం పాలుకు ఉంచుత. ఆయన మేపుతడు, పుట్టిన పిల్లలల్ల సగం ఆయనకు, సగం నాకు. ఈడ రోగమొస్తే ఆడుంటయి, ఆడ ఎండిపోతే ఈడుంటయి."

ఆ బూట్ల సంగతి నాకు గుర్తుంది. బూట్లు లేకపోవడం కాదు, ఆ ఏడాదంతా బాపు కూడా చెప్పులు లేకుండా నడిచాడని గుర్తుంది. మేనమామ మందలో మా గొర్రెలున్నాయనీ తెలుసు. ఎండాకాలం సెలవుల్లో పోయినప్పుడు వాటితో ఆడుకున్నాను. కానీ అదొక పద్ధతి అని, నేను వేలకు వేలు కట్టి హైదరాబాద్‌లో నేర్చుకున్న మొదటి పాఠం అదేనని ఆ కుర్చీలో కూర్చునేదాకా నాకు తట్టలేదు.

బాపు నా కాగితం మీద వేలు పెట్టాడు. "ఇండ్ల మందనంత అమ్మమని రాసినవ్. పొట్టేళ్లను అమ్ముతరు. తల్లిగొర్రెను అమ్ముకున్నోడు మల్ల మంద మొఖం సూడడు."

నేను ఆ కాగితం మీద అడ్డంగా గీత గీశాను. కొత్త కాగితం తీశాను. ఇద్దరం కూర్చొని మళ్లీ రాశాం. పొట్టేళ్లను, ముసలి జీవాలను అమ్మాలి. ఆ డబ్బు పోస్టాఫీసులో వేస్తే నెలనెలా వచ్చేది మందులకు, ఇంటి ఖర్చుకు. తల్లిగొర్రెలు మాత్రం కదలవు. వాటిని రెండు మందలుగా చేసి, ఒకటి మేనమామకు, ఇంకొకటి మా ఊళ్లోనే కాళ్లలో సత్తువ ఉన్న ఒక కాపరికి, రెండూ సగం పాలుకే. ఏటా బాపు వంతుకొచ్చిన పొట్టేలు పిల్లలను అమ్ముకుంటే పింఛను లాగా ఉంటుంది. బాపు నడవక్కర్లేదు. పంతులుగారు కూడా బెంచీ మీది నుంచి ఒకటి రెండు సలహాలిచ్చాడు, ఎవరూ అడగకపోయినా.

ఆ ఏర్పాటు ఇప్పటికీ నడుస్తోంది. గొప్ప చెప్పుకుంటున్నాననుకున్నా సరే, నేను వేసిన ప్రణాళికల్లో అంత బాగా నడిచింది ఇంకోటి లేదు. అందులో సగం నాది, సగం బాపుది. నా ప్లాటు మాత్రం ఇంకా తుమ్మచెట్లు మొలిపిస్తూ అలాగే ఉంది. డబ్బు కట్టిన రసీదును నా బల్ల అద్దం కింద పెట్టాను, కూర్చున్నవాళ్లకు కనబడేటట్టు. డబులు గురించి అడిగినవాళ్లకు ముందు దాన్నే చూపిస్తాను.

కానీ ఆ రోజు సంగతి ఇంకొంచెం ఉంది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాక బాపు నాలుగో ప్రశ్న అడిగాడు.

"గీ అందరికీ నువ్వు చెప్తవు. మరి నీకెవలు చెప్పాలె?"

"నువ్వే" అన్నాను.

"అట్లయితే నెలకోపారి వస్త. బస్సు చార్జీ నువ్వే ఇయ్యాలె."

కర్ర ఆనుకొని లేచాడు. గుమ్మం దాకా పోయేసరికి డ్రైవర్ భార్య అడ్డం వచ్చింది. నింపిన ఫారం ఆమె చేతిలోనే ఉంది, నాకింకా ఇవ్వలేదు. బెంచీ మీద మిగతా వాళ్లూ ఆయన వైపే చూస్తున్నారు. నా ముందే, నేను లేనట్టే అడిగింది.

"తాతా, ఆమెకే మోసమైందంటుంది. మేము ఆమె మాట ఇనాల్నా, వద్దా?"

నేను తల వంచుకొని పెన్ను మూత పెట్టాను, తీశాను. ఏది చెప్పినా ఆయన ఇష్టమే అనుకున్నాను.

"ఇనున్రి" అన్నాడు బాపు. "ఈమె గిప్పుడు ఒక్క అబద్ధమాడి ఉంటే నా మంద పోతుండె. పరువు పోయినా మంచిదని నలుగురి ముంగట నిజం చెప్పింది. గింతకంటే ఏం గావాలె మీకు?"

"అంత గట్టిగ ఎట్ల చెప్తున్నవ్ తాతా? ఆమె నీకు ఎరుకేనా?"

బాపు గొంగడి సర్దుకున్నాడు.

"నా బిడ్డ" అన్నాడు.

ఆమె వచ్చి ఫారం నా బల్ల మీద పెట్టింది. మెట్ల మీద కర్ర చప్పుడు కిందిదాకా వినిపించింది. ఆ చప్పుడు ఆగాక, తర్వాత వంతు ఎవరిదని అడిగాను.